జంటకి ఒకే రకం రెండు జతలా? రెడీమేడ్ క్వాడ్ స్కేట్ల మీద సమీక్ష

విజయనగరంలో స్పోర్ట్స్ సామాన్ల కొట్టుకెళ్లి "ఆర్టిస్టిక్ స్కేట్లు కావాలండీ" అంటే చేతికొచ్చేది దాదాపు ఒకటే సరుకు. తెల్లటి రెక్సిన్ బూటు, కింద అల్యూమినియం ప్లేటు, నాలుగు పీయూ (పాలీయురెథేన్ ప్లాస్టిక్) చక్రాలు, ముందు ఒక రబ్బరు స్టాపరు. ధర పది వేల లోపు. పెట్టె మీద పేరు మారుతుంది గానీ లోపలి సరుకు పెద్దగా మారదు, అందుకే కంపెనీ పేరు రాయడం లేదు. శ్రీకాకుళంలో అడిగినా ఇదే ఇస్తారు. కాకపోతే సైజు లేదు, రెండ్రోజులాగి రమ్మంటారు.

సింగిల్స్ మొదలుపెట్టే పిల్లలకి మొదటి ఏడాది వరకు ఈ సెట్టు పరవాలేదు. జంట స్కేటింగ్‌కి మాత్రం పెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడితే కుదరదు. కొట్టాయన "రెండు జతలూ ఇక్కడే తీసుకోండి బాబూ, తగ్గించి ఇస్తాను" అంటాడు. తగ్గిస్తే తీసుకోండి, తప్పులేదు. కానీ ఆ రెండు జతలూ ఒకే చక్రాలతో, ఒకే బిగింపుతో, ఒకే ఎత్తు స్టాపర్‌తో వస్తాయి. ఎత్తేవాడి పని వేరు, ఎక్కే అమ్మాయి పని వేరు. ఇద్దరి కాళ్ల కింద ఒకే అమరిక ఉంటే ఇద్దరిలో ఒకరికి అది తప్పుడు అమరికే.

పెయిర్ స్కేటింగ్, కపుల్ డ్యాన్స్ ఒకటేనని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పోటీల్లో కూడా ఇవి వేర్వేరు విభాగాలు. డ్యాన్స్‌లో అంచుల మీద, అంటే పక్కకి వాలి వంపు తీస్తూ, నడక, అడుగుల పొందిక, తాళం ముఖ్యం. పెయిర్స్‌లో వీటితోపాటు తలకి పైగా ఎత్తే లిఫ్టులు, అబ్బాయి విసిరితే అమ్మాయి తిరిగి ఒంటికాలి మీద దిగే త్రో జంపులు, ఇద్దరూ పట్టుకుని తిరిగే కాంటాక్ట్ స్పిన్నులు, డెత్ స్పైరల్ ఉంటాయి. డెత్ స్పైరల్‌లో అబ్బాయి ఇరుసులా ఒకచోట నిలబడతాడు. అమ్మాయి ఒక అంచు మీద, తల నేలకి దగ్గరగా వాల్చి, అతని చుట్టూ తిరుగుతుంది. ఈ నాలుగింటిలో ప్రతి దానికీ స్కేటు నుంచి ఒక్కో కోరిక ఉంది. ఆ లెక్కతోనే ఈ సెట్టుని చూడాలి.

కొట్లోనే చేసే పరీక్షలు కొన్ని. గ్రానైట్ లేదా గాజు కౌంటరు మీద స్కేటుని నిలబెట్టండి. నాలుగు చక్రాలూ ఆనాలి. ఒకటి గాల్లో ఉండి, వేలితో నొక్కితే టక్కుమని ఆని మళ్లీ లేస్తే ప్లేటు వంకరగా ఉందో, బూటుకి మెలితిప్పి బిగించారో అయ్యుంటుంది. ఆ జత వద్దు. తర్వాత బూటు అరికి, ప్లేటుకి మధ్య ఏటీఎం కార్డు దూర్చి చూడండి. మడమ దగ్గర కార్డు దూరిందంటే దూకిన ప్రతిసారీ దెబ్బంతా మేకుల మీదే పడుతుంది, నాలుగు నెలల్లో మడమ ఊగుతుంది. మూడోది మధ్య గీత. బూటు వెనక కుట్టు నుంచి బొటనవేలి పక్క వేలి దిక్కుకి ఒక దారం పట్టుకుంటే ముందు, వెనక ట్రక్కుల (చక్రాల ఇరుసుల్ని పట్టుకునే లోహపు భాగాల) మధ్య బిందువులు ఆ దారం కిందే ఉండాలి. పక్కకి జరిగితే పిల్ల నిటారుగా నిలబడినా స్కేటు ఒక పక్కకే లాగుతుంది. కోచ్ మాత్రం "కాలు వంకర పెడుతున్నావు" అని పిల్లనే తిడుతుంటాడు.

సైజు సంగతి ఇంకా దారుణం. "ఎదిగే పిల్ల కదా, రెండు నంబర్లు ఎక్కువ ఇవ్వండి" అని అడగడం మనకి అలవాటు. స్కూలు బూట్లకి అది చెల్లుతుంది. స్కేటులో మడమ బూటులోపల 1 సెంటీమీటరు కదిలితే కింద అంచు ఎప్పుడు పట్టుకుంటుందో ఎవరూ చెప్పలేరు. సాయంత్రం పూట, నిలబెట్టి, రెండు పాదాలూ గోడకి ఆనించి మిల్లీమీటర్లలో కొలవండి. పొడుగైన పాదం కంటే 5 మి.మీ. మించి ఖాళీ ఉండకూడదు. ఇటలీ ఎడియా బూట్లకి సైజులు మిల్లీమీటర్లలోనే ఉంటాయి, 5 మి.మీ. తేడాతో. దేశీ సెట్లలో 4, 5, 6 అని ఉంటాయి కాబట్టి మధ్య కొలత పాదానికి తిప్పలే. లేసు బిగింపు కూడా చూడండి. వేళ్ల దగ్గర వదులుగా, పాదం వంపు దగ్గర గట్టిగా, పై కొక్కేల దగ్గర మోకాలు వంగేంత వదులుగా ఉండాలి. ఈ రెక్సిన్ బూటు చీలమండ దగ్గర మెత్తన. బొటనవేలు, చూపుడువేలుతో ఆ చోట నొక్కితే రెండు పక్కలూ సులువుగా కలిసిపోతాయి. వాల్ట్జ్ జంపు (గాల్లో అర చుట్టు తిరిగే తేలిక జంపు) దాకా ఫరవాలేదు. త్రో జంపు దిగే కాలికి మాత్రం ఈ బూటు చాలదని తేల్చి చెప్పొచ్చు.

ఇక అసలు విషయం ప్లేటు కింద ఉంటుంది. బోల్తా కొట్టించి చూస్తే ముందొకటి, వెనకొకటి వాలుగా ఉన్న బోల్టులు కనబడతాయి. అవి కింగ్‌పిన్నులు. వాటి మీద ట్రక్కుకి పైనా కిందా రబ్బరు గుండ్లు ఉంటాయి. పేరు కుషన్లు, మన మెకానిక్కులు బుష్షులంటారు. స్కేటర్ పక్కకి వాలితే ఈ కుషన్లు నలిగి, చక్రాల ఇరుసు తిరిగి, స్కేటు వంపు తీస్తుంది. అంచు అనేదంతా ఈ రబ్బరు నలగడంలోనే ఉంది. ఐసు మీద జంటలకి దాదాపు 4 మి.మీ. మందం ఉన్న బ్లేడు, దాని మధ్య చెక్కిన గాడికి రెండు పక్కలా నిజమైన అంచులు ఉంటాయి. మనకి ఆ పని చేసేది రెండు రబ్బరు ముక్కలు, ఒక నట్టు.

ఈ సెట్టులో కింగ్‌పిన్ నట్టుని ఫ్యాక్టరీలో బాగా బిగించి పంపుతారు, పిల్లలు పడిపోకూడదని. అలా బిగిసి ఉంటే అమ్మాయి డెత్ స్పైరల్‌లోకి వాలినప్పుడు స్కేటు సరిపడా వంపు తీయదు. తిరిగే చుట్టు పెద్దదవుతుంది, అబ్బాయి చెయ్యి లాగుతుంది, అమ్మాయి తుంటి కిందకి జారిపోతుంది. చూసేవాళ్లకి అబ్బాయి సరిగ్గా పట్టుకోలేదనిపిస్తుంది. నట్టు చూడాలి ముందు. అమ్మాయి స్కేటుకి నట్టు పావు చుట్టు వదులు చేసి, ఒక పూట చేయించి, చాలకపోతే మరో పావు. ఒకేసారి పూర్తి చుట్టు తిప్పొద్దు. ముందు ట్రక్కు ఎంత వదిలారో వెనకదీ అంతే వదలండి. లేకపోతే ముందు భాగం తిరిగాక వెనక భాగం ఆలస్యంగా వస్తుంది.

అబ్బాయి సంగతి దీనికి తలకిందులు. అమ్మాయిని తలపైకి ఎత్తి వెనక్కి తిరుగుతూ జారేటప్పుడు అతని కాళ్ల మీద రెండు ఒళ్ల బరువు ఉంటుంది. మెత్తటి కుషన్ ఆ బరువుకి పూర్తిగా నలిగిపోయి, చిన్న వాలుకే స్కేటు గట్టిగా తిరిగేస్తుంది. పైన అమ్మాయి సిరిమాను మీద పూజారిలా ఊగుతుంది. దీనికి మందు నట్టు బిగించడం కాదు, గట్టి రబ్బరు కుషన్ మార్చడం. నట్టు మరీ బిగిస్తే కుషన్ ఉబ్బి పగులుతుంది, అంచు చచ్చిపోతుంది. రెడీమేడ్ సెట్టులో వచ్చే కుషన్ ఒక్కటే రకం, దాని గట్టిదనం ఎంతో పెట్టె మీద ఉండదు. వేలిగోరుతో గట్టిగా నొక్కితే గుంట పడి నెమ్మదిగా లేచిందంటే అబ్బాయికి పనికిరాదు.

సరైన బిగింపు దొరికాక నట్టు మీదా, దాని పక్కన ట్రక్కు మీదా కలిపి నెయిల్‌పాలిష్‌తో ఒక గీత గీయండి. మర్నాడు గీత విరిగి కనబడితే నట్టు కదిలిందని అర్థం. ఈ సెట్టులో కింగ్‌పిన్‌కి లాక్‌నట్టు సరిగ్గా పట్టదు, రోజూ రెండు గంటలు చేస్తే వారంలో కదులుతుంది. లిఫ్టు ముందు ఈ గీతలు ఎనిమిదీ, అంటే ఇద్దరివీ, చూసుకోవడానికి అర నిమిషం చాలు.

కుషన్ తర్వాత ఎక్కువ తేడా తెచ్చేది చక్రం. సెట్టులో వచ్చేవి 57, 58 మి.మీ. చుట్టుపక్కల ఉంటాయి. ఫ్రీ స్కేటింగ్‌కి, జంపులకి 57 మి.మీ. మామూలు కొలతే, తప్పులేదు. గట్టిదనం 92ఏ, 95ఏ అని చక్రం మీద అచ్చేస్తారు, సంఖ్య పెరిగేకొద్దీ గట్టి. ఈ సెట్టులో కొన్ని చక్రాల మీద అంకె ఉండదు, ఉన్నా నమ్మకం తక్కువ. మన ఊళ్లలో నేలల్ని బట్టి ఎంచుకోవాలి. నున్నటి గ్రానైటు పరిచిన ఫంక్షన్ హాలులో గట్టి చక్రం జారుతుంది. స్పిన్ హాయిగా తిరుగుతుంది గానీ లిఫ్టులోకి తోసేటప్పుడు అబ్బాయి కాలు వెనక్కి జారిపోతుంది. గరుకు సిమెంటు మీద మెత్తటి చక్రం అతుక్కుంటుంది. అక్కడ అమ్మాయి మూడు చుట్లు తిరగాల్సిన స్పిన్ ఒకటిన్నరకే ఆగిపోతుంది, పైగా మోకాలికి మెలి. ఒకే నేల మీద సాధన చేసే జంటకి మా సూచన ఒకటే: అమ్మాయికి కాస్త గట్టివి, అబ్బాయికి ఒక మెట్టు మెత్తవి. ఒకే రకం ఎనిమిదేసి చక్రాలు ఇద్దరికీ పెట్టేసి ఇది సరిపెట్టలేరు.

నేల మాట వచ్చింది కాబట్టి ఒక పక్క మాట. ఆర్టిస్టిక్ రింక్ సాధారణంగా 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. మన దగ్గర దొరికే హాళ్లలో చాలావాటిలో దాంట్లో సగం కూడా ఉండదు. చిన్న చోట వేగం పుట్టదు, వేగం లేకుండా ఎత్తితే భుజబలం మీదే ఎత్తాలి, అది నడుముకి చెరుపు. లిఫ్టులు నేర్చుకునే నెలల్లోనైనా వారానికోసారి విశాఖ బీచ్ రోడ్డు పార్కులోని స్కేటింగ్ రింక్ లాంటి తెరిపి చోటుకి వెళ్లడం మంచిది. విజయనగరం నుంచి 60 కిలోమీటర్ల చిల్లర ప్రయాణం, ఉదయం పాసింజరుకి బయల్దేరితే సరి. తెల్లవారుజామున బయటి రింకులు మంచుకి చెమ్మగిల్లి ఉంటాయి. ఎండ తగిలి నేల పొడిగా అయ్యేదాకా అంచుల పని పెట్టొద్దు.

బేరింగుల దగ్గర చాలామంది మోసపోతారు, కొన్నిసార్లు కొట్టువాడూ తెలియకే మోసం చేస్తాడు. ఒక జతకి చక్రాలు 8, చక్రానికి బేరింగులు 2, మొత్తం 16. దేశీ సెట్టులో ఇరుసు 8 మి.మీ., దానికి 608 బేరింగు. మోటారు వైండింగు షాపులో, బేరింగుల కొట్లో ఎక్కడైనా దొరుకుతుంది. ఇటలీ రోల్‌లైన్ ప్లేట్లకి ఇరుసు 7 మి.మీ., దానికి 627 బేరింగు. రెండింటికీ బయటి కొలత 22 మి.మీ., మందం 7 మి.మీ. అచ్చం ఒకేలా ఉంటాయి, చక్రంలో రెండూ చక్కగా కూర్చుంటాయి. 7 ఇరుసు మీద 608 వేసేస్తే 1 మి.మీ. ఖాళీ. చక్రం పైకి బాగానే తిరుగుతుంది, జంపు దిగినప్పుడు కొట్టుకుంటుంది, నెల తిరిగేసరికి ఇరుసు చుట్టూ గాడి పడుతుంది. బేరింగు మూత మీద అంకె చదివి కొనండి, చూపు మీద కాదు.

మూత రేకుదైతే జడ్‌జడ్, రబ్బరుదైతే 2ఆర్‌ఎస్ అని రాసుంటుంది. ఈ సెట్టులో రేకువి వస్తాయి. మన తీరం గాలికి, వానాకాలం తేమకి వాటిలో తుప్పు పట్టడం ఖాయం. రబ్బరు మూతవి కొంచెం బరువుగా తిరుగుతాయి గానీ మనకి అవే నయం. శుభ్రం చేయాలంటే కిరసనాయిల్లో ఊపి, గుడ్డతో తుడిచి, గాలికి పూర్తిగా ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక్కో దానికి ఒకటో రెండో చుక్కలు. రబ్బరు మూతవైతే మూత తీసి కడగాలి, మూతతో సహా ముంచొద్దు. కొబ్బరినూనె పోసేవాళ్లున్నారు. అది దుమ్ముతో కలిసి జిగురై కూర్చుంటుంది, చలికాలం ఉదయం గడ్డకడుతుంది. ఇంకోటి, ఈ సెట్టులో రెండు బేరింగుల మధ్య స్పేసరు గొట్టం ఉండదు. అందువల్ల చక్రం నట్టు బిగించేకొద్దీ బేరింగు పక్కకి నలుగుతుంది. చక్రం ఆగేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేవరకు వెనక్కి వదలండి. పక్కకి పట్టి ఊపితే వెంట్రుకవాసి కదలాలి, అంతకు మించి కాదు.

చక్రాలు లోపలివి ముందు అరుగుతాయి. పది రోజులకోసారి లోపలి ముందుదాన్ని బయటి వెనకదానితో మార్చుకుంటూ పోతే జత రెట్టింపు కాలం వస్తుంది.

టో స్టాపరు గురించి రాయకపోతే ఈ సమీక్షకి అర్థం లేదు. ఈ సెట్టులో రెండు రకాలు తిరుగుతున్నాయి. ఒకటి రబ్బరు మధ్యలోంచి ఒక బోల్టు వేసి ప్లేటుకి బిగించేది. దీని ఎత్తు మార్చలేం, జంపుకి తన్నినప్పుడు రబ్బరు తనలో తాను తిరుగుతుంది. ఇది జంటకి పూర్తిగా వద్దు. రెండోది మరల కాడ ఉన్నది, అలెన్ కీతో పక్క మర బిగించి ఎత్తు నిలబెట్టేది. కొట్లో ఇదే అడగండి. టో లూప్, ఫ్లిప్, లట్జ్ జంపులకి ఈ రబ్బరుతోనే నేలని తన్ని లేవాలి కాబట్టి అమ్మాయికి అది కాస్త కిందకి, కాలు తన్నగానే అందేలా ఉండాలి. అబ్బాయికి కూడా పక్కపక్కన చేసే జంపులుంటాయి నిజమే, కానీ అమ్మాయిని పైన పెట్టుకుని వెనక్కి అడుగులు మార్చేటప్పుడు కిందకి వేలాడే స్టాపరు నేలకి తగిలితే ఇద్దరూ పడతారు. పడేటప్పుడు ఆమె తల అతని తల కంటే ఎత్తున ఉంటుంది. అతని స్టాపరు కొన్ని మిల్లీమీటర్లు పైకి ఉంచి, ఆ ఎత్తుకి అలవాటయ్యేలా జంపులు విడిగా చేయించాలి. రబ్బరు ఒక పక్క అరిగితే తిప్పి బిగించండి, రెండు పక్కలా అరిగితే మార్చేయండి.

పెట్టెలో రక్షణ సామాన్లు ఉచితమని ఇస్తారు. మోకాలి కవచాలు బాగానే ఉన్నాయి. మణికట్టు కవచం మాత్రం జంటకి ప్రమాదం. అరచేతిలోని ప్లాస్టిక్ పలక మీద భాగస్వామి పట్టు నిలవదు. విడిగా అంచులు చేసేటప్పుడు వేసుకోనివ్వండి, లిఫ్టు పట్టులో, డెత్ స్పైరల్ పట్టులో తీసేయాలి. హెల్మెట్ అమ్మాయికి సాధనలో ఉండాల్సిందే. లిఫ్టులు మొదట స్కేట్లు లేకుండా, చాప మీద, నడుం ఎత్తు దాకా నేర్చుకోవాలి. ఆ తర్వాతే చక్రాల మీద.

మరి ఖరీదైన సెట్టు ఎప్పుడు? ఎడియా బూటు, రోల్‌లైన్ ప్లేటు కలిపితే అర లక్ష నుంచి పైమాటే. కొంతమంది మొదటి రోజునుంచీ అదే కొంటారు. రెండేళ్లలో పాదం పెరిగి బూటు అటక ఎక్కుతుంది. డబ్బు పరిమితమైతే ముందు ప్లేటు మీద పెట్టండి. ప్లేటు పాదంతో పెరగకపోయినా ఒకటి రెండు సైజుల తేడాలో కొత్త బూటుకి మార్చి బిగించుకోవచ్చు, కుషన్లూ ఇరుసులూ విడిగా దొరుకుతాయి. బూటు వాడేసే సరుకు. అబ్బాయికి ముందు కొనండి. ఇది వినగానే అమ్మాయి ఇంటివాళ్లకి కోపం వస్తుంది గానీ, బలహీనమైన ప్లేటు అబ్బాయి కాలి కింద ఉంటే పడేది వాళ్ల పిల్లే.

ఈ క్రీడలో ఎన్నేళ్లు నిలబడొచ్చో కొనేముందు తెలుసుకుంటే ఖర్చు లెక్క వేసుకోవచ్చు. హైదరాబాద్‌కి చెందిన అనూప్‌కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్‌లోనూ, అవనీ పంచాల్‌తో జంటలోనూ రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. సింగిల్స్, పెయిర్స్ రెండూ చేసేవాడికి స్టాపరు ఎత్తు, చక్రాలు రెండు రకాలుగా సిద్ధంగా ఉండాలి, అదనపు చక్రాల జత లెక్కలో వేసుకోండి. ఐసు మీద అల్యోనా సవ్చెంకో 2002 నుంచి 2018 దాకా ఐదు ఒలింపిక్స్ ఆడి, ఒలింపిక్స్‌లో తన మూడో భాగస్వామి బ్రూనో మసోతో ఆఖరిసారి స్వర్ణం గెలిచింది. కెనడా తరఫున ఆడిన డియానా స్టెల్లాటో డ్యూడెక్ 40 ఏళ్ల వయసులో, 2024లో ప్రపంచ టైటిల్ కొట్టింది. భాగస్వామి మారడం ఈ ఆటలో మామూలే. మారినప్పుడల్లా కొత్త జంట బరువులకి తగ్గట్టు కుషన్లు, నట్లు మళ్లీ మొదటినుంచి సరిచేసుకోవాలి. నట్ల మీది పాత నెయిల్‌పాలిష్ గీతల్ని అసిటోన్‌తో తుడిచేయండి, పాతదీ కొత్తదీ కలిసిపోతే ఏది నమ్మాలో తెలియదు.

మరమ్మతుల విషయంలో మన ఊళ్ల పరిస్థితి ఫరవాలేదు. మడమ జిగురు చెమటకి ఊడితే చెప్పులు కుట్టేవాళ్లే బాగా అతికిస్తారు, కానీ ప్లేటు మేకులు వాళ్ల చేత కొట్టించొద్దు. పాత రంధ్రంలో మేకు వదులైతే అగ్గిపుల్ల దూర్చి బిగించే అలవాటు ఉంది, జంట స్కేటుకి అది చేయకండి, రంధ్రం మార్చి బోల్టు వేయించండి. లేతు షాపులో ఇరుసుకి కొత్త మర కొట్టించడం అసలే వద్దు, ఇరుసు సన్నబడి లిఫ్టులో విరుగుతుంది. తడిసిన బూటుని ఎండలో పెట్టక, లోపల పేపరు కుక్కి నీడలో ఆరబెట్టాలి. మొదటి నాలుగు పూటల తర్వాత ప్లేటు మేకులన్నీ ఒకసారి బిగించాలి, కొత్త సెట్టులో అవి తప్పకుండా వదులవుతాయి.

కొట్లో రసీదు అడిగి, దాని మీద బూటు నంబరు, ఇరుసు కొలత 8 మి.మీ. అని రాయించుకోండి. "సైజు మారుస్తాం" అని నోటితో అంటారు, చక్రం ఒక్కసారి నేలకి తగిలితే మార్చరు. అందుకే ఇంటికెళ్లాక పరుపు మీద నిలబెట్టి చూడాలి, వీధిలో కాదు. అదనంగా గట్టి కుషన్లు ఒక సెట్టు, నట్లు నాలుగు, 2ఆర్‌ఎస్ బేరింగులు నాలుగు, అలెన్ కీ ఒకటి కొనిపెట్టుకుంటే పోటీ రోజున విశాఖలో బజారు వెతకక్కర్లేదు. సెట్టుతో వచ్చే స్పానరు మాత్రం మెత్తటి రేకు, రెండోసారికే నోరు తెరుచుకుంటుంది. సైకిలు షాపులో మంచిది కొనండి.